రైతుకు రిటైర్మెంటు ఎప్పుడు?

చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీ గోడకు అవతల ఒక చట్టం, ఇవతల ఇంకో చట్టం నడుస్తాయి. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములిద్దరిని తీసుకుందాం. నలభై ఏళ్ల కిందట ఒకడు ఫ్యాక్టరీలో చేరాడు. ఇంకొకడు నాయన పట్టిన మేడినే పట్టుకున్నాడు. ఫ్యాక్టరీలో చేరినవాడికి 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టం ఉంది. పని చేసినన్నాళ్లూ జీతంలో కొంత, యజమాని వాటా కొంత కలిసి జమ అయ్యాయి. 58 నిండగానే పింఛను మొదలైంది. సర్వీసుకు తగ్గ గ్రాట్యుటీ చేతికొచ్చింది. డ్యూటీలో చెయ్యి విరిగితే పరిహారం ఎంతో కూడా చట్టంలోనే రాసి ఉంది. సేద్యం చేసినవాడికి ఇప్పుడు అరవై ఐదేళ్లు. మోకాళ్లు పట్టేసినా నల్లరేగడిలో శనగ వేయడానికి పోతూనే ఉన్నాడు. రాత్రి మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టినా, గట్టు మీద పాము కరిచినా, ట్రాక్టరు బోల్తా పడినా ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే. ఇచ్చేది ఏదైనా దయ కింద ఇస్తారు తప్ప బాకీ కింద ఇవ్వరు.

ఫ్యాక్టరీవాళ్ల బతుకు బంగారమని మేము అనడం లేదు. ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను నెలకు 1,000 రూపాయలే. 2014 సెప్టెంబరులో పెట్టిన ఆ అంకె పెంచాలని, కనీసం 7,500 చేయాలని దేశమంతటా పెద్ద వయసు కార్మికులు రోడ్డెక్కుతూనే ఉన్నారు. వాళ్ల పోరాటానికి మన సంఘం మద్దతు ఉంటుంది. కాంట్రాక్టు కూలీల సంగతైతే మనకంటే పెద్ద తేడా లేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్లకు అడగడానికి ఒక చట్టం ఉంది, ఒక లెక్క ఉంది, ఫలానా నెల డబ్బు పడలేదని నిలదీయడానికి ఒక ఆఫీసు ఉంది. మనకు ఉన్నది పథకం మాత్రమే. పథకాన్ని ఒక ప్రభుత్వం పెడుతుంది, ఇంకొకటి పేరు మారుస్తుంది, మూడోది ఎత్తేస్తుంది.

దీనికి దూరం పోనక్కరలేదు. 2009లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు అభయహస్తం పెట్టింది. రోజుకు ఒక రూపాయి ఆమె, ఒక రూపాయి ప్రభుత్వం. అరవై దాటితే నెలకు కనీసం 500. దానికి శాసనసభలో చట్టం కూడా చేశారు. ఆ పథకం ఇప్పుడు లేదు. రూపాయి రూపాయి కట్టిన ఆడవాళ్లు మాత్రం ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొందరి దగ్గర పుస్తకాలు కూడా ఉన్నాయి. "మళ్లీ కట్టమంటే ఎట్లా నమ్మేది?" అని వాళ్లడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మన రాష్ట్రంలో ముసలివాళ్లకు అందుతున్న పింఛను సంగతి. 2014కు ముందు 200 రూపాయలుండేది. 2014లో వెయ్యి, 2019లో రెండు వేలు, తర్వాత 2,250, 2,500, 2,750, 3,000 అవుతూ వచ్చి 2024 జులై నుంచి 4,000 చేతికి అందుతోంది. 65 ఏళ్ల అర్హత 2019లో 60కి తగ్గింది. ఏ పార్టీ పేరు ఎక్కడ రాసుకున్నా, ఈ పదేళ్లలో ఊళ్లో ముసలివాళ్ల గౌరవం కొంచెం పెరిగిందంటే కారణం ఈ డబ్బే. ఒకటో తేదీ పొద్దున కోడలు అత్తకు కాఫీ ముందుగా ఇస్తుందని మన జమ్మలమడుగు పక్క నవ్వుతూ అనే మాటలో నిజం లేకపోలేదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేము ఏకీభవించం.

మన సభ్యులలోనే కొందరు అలా మాట్లాడుతున్నారు, అందుకే రాస్తున్నాం. "పింఛన్లు ఇచ్చి కూలోళ్లను సోమరులను చేశారు, కలుపుకు మనిషి దొరకడం లేదు" అని మొన్నటి మండల సమావేశంలో కూడా వినబడింది. అరవై నిండిన మనిషి కలుపు తీయడానికి రావడం లేదని బాధపడేవాడు, తన అరవై ఏళ్ల తండ్రిని ఎవరి చేలోకైనా కూలికి పంపిస్తాడా? కూలి గిట్టడం లేదనేది నిజం. దానికి కారణం పంటకు ధర లేకపోవడం. ముసలమ్మ చేతిలో పడ్డ నాలుగు వేలను తప్పు పట్టి లాభం లేదు.

అసలు కష్టం ఎక్కడంటే, ఈ పింఛనులో రైతు అనే మాటే లేదు. చేనేత కార్మికుడికి 50 ఏళ్లకే పింఛను ఉంది. గీత కార్మికుడికి, మత్స్యకారుడికి, డప్పు కళాకారుడికి కూడా 50కే ఉంది. వాళ్ల వృత్తి ఒంటిని తొందరగా అరగదీస్తుందని ప్రభుత్వం గుర్తించింది, మంచిదే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గాల మీద వంగిన నడుములను మేమూ చూస్తున్నాం. మరి నలభై ఏళ్లు కొండ్ర వేసిన నడుము సంగతేమిటి? జాబితాలో ఇన్ని వృత్తులుండి సేద్యం ఎందుకు లేదు? రైతు వృద్ధాప్య పింఛను కిందికే రావాలి. అక్కడికి వస్తే ముందు పొలం అడ్డం పడుతుంది.

నిబంధన ప్రకారం కుటుంబానికి మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ ఉంటే కలిపి 10 ఎకరాల లోపే ఉండాలి. పల్లెల్లో నెల ఆదాయం 10,000 దాటకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంటికి కారు ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. ఇందులో కొన్ని న్యాయంగానే ఉన్నాయి. పొలం నిబంధన మాత్రం మన సీమ నేలను చూడనివాళ్లు రాసింది. ముద్దనూరు, ఎర్రగుంట్ల పక్క పన్నెండు ఎకరాల మెట్ట ఉన్నవాడు వాన పడితే రైతు, పడకపోతే బాకీదారు. కె.సి. కాలువ కింద రెండున్నర ఎకరాల మాగాణి ఉన్నవాడికి ఏటా పంట చేతికొస్తుంది. కాగితం మీద మొదటివాడు భూస్వామి, రెండోవాడు పేదవాడు. కాలువ కింది రైతుకు తీసెయ్యమని మేము అడగడం లేదు. రాని పంటను ఆస్తి కింద ఎందుకు రాశారని అడుగుతున్నాం.

ఈ నిబంధన ఇళ్లలో చేస్తున్న పని ఇంకా చెడ్డది. పింఛను కోసం ముసలివాళ్లు పొలాన్ని కొడుకుల పేరు మీద రాసిచ్చి, బియ్యం కార్డు వేరు చేసుకుంటున్నారు. నెలకు నాలుగు వేల కోసం తమ చేతిలో ఉన్న ఒకే ఒక బలాన్ని వదులుకుంటున్నారు. పొలం తన పేరున ఉన్నన్నాళ్లూ తండ్రి మాటకు విలువ ఉంటుంది. రాసిచ్చాక ఏమవుతుందో అన్ని ఊళ్లకూ తెలుసు. మా దగ్గరికి సలహా కోసం వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువ, అందులోనూ భర్త పోయిన ఆడవాళ్లు ఎక్కువ. రాసివ్వక తప్పదనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. దాన పత్రంలోనే, కడదాకా తిండి, వైద్యం చూడాలని షరతు రాయించుకోండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, ఆ షరతు తప్పితే పత్రాన్ని రద్దు చేయమని ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. అదే చట్టం కింద నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించమని కూడా కోరవచ్చు. వకీలు అక్కరలేదు, తెల్ల కాగితం మీద అర్జీ చాలు. షరతు రాయని పత్రంతో వచ్చినవాళ్లకు మేము చేయగలిగిన సాయం చాలా తక్కువ.

ఇదంతా రాష్ట్రం సంగతి. దేశం ఏం చేస్తోంది? రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు గురించి చెప్పింది. ఆ మాట పట్టుకుని కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో నెలకు 75 రూపాయలు. 2007 నాటికి 200 అయింది. అరవై నుంచి డెబ్బై తొమ్మిది ఏళ్ల వాళ్లకు కేంద్రం వాటా ఇప్పటికీ ఆ 200 రూపాయలే. ఎనభై దాటితే 500. వితంతువుకు, వికలాంగుడికి 300. గ్రామీణాభివృద్ధి మీద పార్లమెంటు స్థాయీ సంఘం పెంచమని మళ్లీ మళ్లీ సిఫారసు చేసింది, కదలిక లేదు. 2007లో 200 రూపాయలతో తెచ్చుకున్న సరుకులు ఇప్పుడు తేవాలంటే 600 పైనే కావాలి. ఎంపీల జీతాలను ధరల సూచీతో ముడిపెట్టుకున్న దేశంలో ముసలివాళ్ల 200కు సూచీ లేకపోయింది.

ఇంకొక లెక్క చూడండి. ఈ కార్యక్రమానికి కేంద్ర బడ్జెట్ దేశం మొత్తానికి కలిపి ఏడాదికి 9,652 కోట్లు. మన ఒక్క రాష్ట్రం 60 లక్షల మందికి పైగా పింఛన్లకు పెడుతున్నది ఏడాదికి 30 వేల కోట్లకు అటూ ఇటూ. అంటే దేశమంతటి ముసలివాళ్లకు కేంద్రం ఇచ్చేదానికి మూడింతలు మనమొక్కరమే ఖర్చు పెడుతున్నాం. మిగతా రాష్ట్రాల్లో ఈ స్తోమత లేనిచోట ముసలివాడి చేతికి కొన్ని వందలే దక్కుతున్నాయి. మన రాష్ట్రంలోనూ రేపు ఖజానా తడబడితే మొదట కోత పడేది ఏరివేత పేరుతో ఇక్కడే. అందుకే జాతీయ స్థాయిలో కనీస పింఛను చట్టంగా ఉండాలని మేము అంటున్నాం. రాష్ట్రాలు దాని మీద ఎంత కలుపుకున్నా కలుపుకోనివ్వండి.

కేంద్రం రైతుకు పింఛను పెట్టలేదా అంటే పెట్టింది. 2019 సెప్టెంబరు 12న రాంచీలో ప్రధాని కిసాన్ మాన్‌ధన్ యోజన మొదలుపెట్టారు. 5 ఎకరాలలోపు రైతు, 18 నుంచి 40 ఏళ్లలోపు వయసుంటే చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కలుపుతుంది. అరవై నిండాక నెలకు 3,000. మొదటి మూడేళ్లలోనే 5 కోట్ల మంది చేరతారన్నారు. ఆరేళ్లు గడిచినా పాతిక లక్షలు కూడా దాటలేదు. ఎందుకు చేరలేదో ఢిల్లీలో అర్థం కాకపోవచ్చు, మన రచ్చబండ మీద అర్థమవుతుంది. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు 2019లో చేరితే 2061లో అతనికి 3,000 ఇస్తారు. మన రాష్ట్రం ఈరోజే 4,000 ఇస్తోంది. 2061లో మూడు వేలకు ఏమొస్తుందో లెక్క వేసుకోండి. ఇక పథకం వచ్చిన రోజుకే నలభై దాటినవాళ్లు, అంటే ఇప్పుడు ఊళ్లలో నిజంగా సేద్యం చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది, ఆ గడప తొక్కే వీలే లేదు. పొలం పేరున లేని గుత్తదారుకూ లేదు.

గుత్తదారు సంగతి వేరుగా చెప్పాలి. జమ్మలమడుగు తాలూకా నల్లరేగడిలో శనగ, ప్రొద్దుటూరు పక్క వరి, పసుపు, పులివెందుల పక్క అరటి సాగు చాలావరకు సొంతదారు చేతిలో లేదు. సొంతదారు ఊళ్లో లేడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం గుత్తదారుకు 11 నెలల కార్డు ఇస్తానంది, దానికి సొంతదారు సంతకం కావాలంది. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. అంతకుముందు 2011 చట్టం ఆ సంతకం అడక్కుండా రుణ అర్హత కార్డు ఇచ్చేది, అది మేలు. ఇప్పుడు కార్డు లేనివాడు రైతు కాదు. పెట్టుబడి సాయంలో లేడు, బీమాలో లేడు. అప్పులకు తట్టుకోలేక ప్రాణం తీసుకున్నా, అతను రైతేనని రుజువు చేసే భారం తాళి తెగిన ఆమె మీద పడుతుంది. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా నడుస్తోంది. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. మన దగ్గర ఆత్మహత్య అయితేనే 7 లక్షలు, అదీ విచారణ దాటితే. తెలంగాణ పద్ధతే మెరుగు. అయితే అక్కడా పట్టాదారుకే, 59 ఏళ్ల లోపే. అరవైలో పడ్డవాడూ గుత్తదారూ ఇక్కడ బయటే ఉన్నారు, అక్కడా బయటే ఉన్నారు.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. తొమ్మిది పాత చట్టాలను కలిపి 2020లో చేసిన కోడ్ ఇది. నాలుగు లేబర్ కోడ్‌లను కార్మిక సంఘాలతో పాటు మేమూ వ్యతిరేకించాం, ఇప్పటికీ వ్యతిరేకిస్తున్నాం. అయినా శత్రువు ఇంట్లో ఉన్నా మన పలుగు మన పలుగే. ఆ కోడ్‌లో స్వయం ఉపాధి కార్మికుడి నిర్వచనంలో, రాష్ట్రం ప్రకటించిన పరిమితికి లోబడి సాగుభూమి కలిగిన వ్యక్తి కూడా ఉన్నాడు. అసంఘటిత కార్మికులకు వృద్ధాప్య రక్షణ, ఆరోగ్యం, ప్రాణ బీమా పథకాలు కేంద్రం చేయాలని, ప్రావిడెంటు ఫండు, పనిలో గాయమైతే సాయం వంటివి రాష్ట్రం చేయాలని 109వ సెక్షను చెబుతోంది. అంటే చిన్న రైతు కూడా కార్మికుడేనని కాగితం మీద దారి దొరికింది. భూమి పరిమితి ఎంతో ప్రకటించే అధికారం మన రాష్ట్రానిదే. మెట్ట నేలకు విడి లెక్క వేసి, గుత్తదారును పేరుపెట్టి చేర్చి ఆ నోటిఫికేషను రావాలి. ఇప్పటిదాకా ఈ-శ్రమ్‌లో పేరు నమోదుకు కూలీలకు, భూమి లేని సాగుదారులకు చోటుంది, రెండెకరాల సొంత పొలం ఉన్నవాడికి లేదు. లేబర్ ఆఫీసుకు పోతే నువ్వు యజమానివి అంటారు, బ్యాంకుకు పోతే నీకు ఆదాయం లేదంటారు.

పైసలు ఎక్కడివి అనే ప్రశ్న వస్తుంది. 2004లో కేంద్రం వేసిన అర్జున్ సేన్‌గుప్తా కమిషన్ 2006లోనే లెక్క చెప్పింది. రోజుకు రూపాయి కార్మికుడు, రూపాయి యజమాని, రూపాయి ప్రభుత్వం. 2008లో చట్టం చేశారు గానీ ఆ డబ్బు ఊసు లేకుండా చేశారు. 1996 చట్టంతో భవన నిర్మాణ కార్మికులకు సెస్సు వచ్చింది, కట్టడం విలువలో నూటికి రూపాయి వాళ్ల సంక్షేమ బోర్డుకు పోతుంది. చిలమకూరు సిమెంటుతో కట్టిన ఇంటి మీద కూడా ఆ రూపాయి వసూలవుతుంది. అలాంటిది పంట మీద ఎందుకు ఉండకూడదు? మార్కెట్ యార్డుల్లో కొనుగోలు మీద నూటికి రూపాయి సెస్సు ఎప్పటినుంచో ఉంది. అందులో సగం సాగుదారు పింఛను నిధికి మళ్లించమని మా కోరిక. రైతు పన్ను కట్టడు అనేవాళ్లకు కూడా ఒక మాట. ఎరువు బస్తా మీద, టైరు మీద, పైపు మీద జీఎస్టీ కట్టేది మనమే. వెనక్కి తీసుకునే సౌకర్యం వ్యాపారికుంది, మనకు లేదు.

మన మండలానికి ఇంకొక దారి ఉంది. సున్నపురాయి తవ్వినందుకు గనుల యజమానులు రాయల్టీ మీద కొంత జిల్లా ఖనిజ ఫౌండేషనుకు కట్టాలని 2015 నుంచి చట్టం ఉంది. ఆ నిధిలో పెద్ద వాటా పెట్టాల్సిన ముఖ్య రంగాల్లో వృద్ధుల, వికలాంగుల సంక్షేమం కూడా ఒకటి. మన నేల కిందిది తవ్వి తీసిన డబ్బు అది. ఎర్రగుంట్ల మండలంలో గనుల చుట్టూ ఉన్న ఊళ్ల ముసలి రైతులకు దానిలో ఎంత ఖర్చయిందో గ్రామసభలో చదివి వినిపించమని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

కేరళ ఈ పని 2019లోనే చట్టంగా చేసింది. కర్షక క్షేమనిధి కింద 5 సెంట్ల నుంచి 15 ఎకరాల దాకా సాగు చేసేవాళ్లు నెలకు కనీసం 100 రూపాయలు కట్టి చేరవచ్చు, ప్రభుత్వం 250 దాకా కలుపుతుంది. మనకు ఇంకా దగ్గరగా ఉండేది బ్రెజిల్. అక్కడ 1971లో పల్లె పింఛను మొదలైనప్పుడు ఇంటికి ఒక్కటే, యజమాని పేరునే, కనీస వేతనంలో సగం. 1988 రాజ్యాంగం, 1991 చట్టాల తర్వాత మగవాడికి 60, ఆడమనిషికి 55 ఏళ్లకు, ఎవరి పేరున వాళ్లకు, పూర్తి కనీస వేతనం. చందా కట్టిన రశీదులు అడగరు. పదిహేనేళ్లు సేద్యంలో ఉన్నట్టు రుజువు చాలు. చాలాకాలం రైతు సంఘం ఇచ్చిన ధ్రువీకరణ కూడా రుజువుల్లో ఒకటిగా చెల్లింది. డబ్బులో కొంత పంట అమ్మకం మీద వేసిన చిన్న పన్ను నుంచి వస్తుంది. మన దగ్గర ఇంకా ఇంటికి ఒకటే వృద్ధాప్య పింఛను. మొగుడికి వస్తే పెళ్లానికి లేదు. పట్టా ఆమె పేరున ఉండదు కాబట్టి విత్తనం వేసినా, కలుపు తీసినా, కాయ ఒలిచినా ఆమె రైతు కాదు. స్వామినాథన్ కమిషన్ తర్వాత వచ్చిన 2007 జాతీయ రైతు విధానం రైతు అనే మాటలో గుత్తదారునూ కూలీనీ ఆడవాళ్లనూ కలిపింది. ఆ విధానాన్ని రద్దు చేసినవాళ్లు లేరు, అమలు చేసినవాళ్లూ లేరు.

మనం అడిగేది ఎక్కువేమీ కాదు. కేంద్రం 200 రూపాయలను కనీసం 3,000 చేసి ధరల సూచీతో ముడిపెట్టాలి. రాష్ట్రం మెట్ట పరిమితిని సవరించి, ఇంటికి ఒకటి అన్న నిబంధన తీసెయ్యాలి. సాగుదారులను వృత్తి పింఛనులో చేర్చాలి. కోడ్ కింద నోటిఫికేషను ఇచ్చి సాగుదారు నిధి పెట్టాలి. ఆ నిధికి తలా కొంత కట్టడానికి కూడా మన సభ్యులు సిద్ధపడాలి. ఒక్క షరతు, అభయహస్తం లాగా కాకుండా ఎవరి ఖాతా వాళ్లకు కనబడాలి.

ఇవి మహజరులో రాస్తే చాలదు, లెక్క కావాలి. ఈ సంచికతో పాటు ఒక కాగితం పంపుతున్నాం. మీ ఊళ్లో అరవై దాటి పింఛను రాని సాగుదారులు ఎవరో, ఏ నిబంధన దగ్గర ఆగిందో, పొలం ఎవరి పేరున ఉందో, మెట్టా మాగాణా, సొంతమా గుత్తా అన్నది రాయండి. భర్తకు వస్తున్నందువల్ల ఆగిపోయిన ఆడవాళ్ల పేర్లు విడిగా రాయండి. పింఛను కోసం పొలం రాసిచ్చినవాళ్లుంటే ఆ పత్రం నకలు ఒకటి మా ఆఫీసుకు తెచ్చి చూపించండి, షరతు ఉందో లేదో చూసి చెబుతాం. వచ్చే నెల పదో తేదీలోగా ఊరి కమిటీ కార్యదర్శికి ఇస్తే చాలు.